ఎబినేజర్ సారు అడిగిన థీమ్

గన్ని నోటుబుక్కులు దిద్దుతున్నవు, ఒక్కదాంట్ల గూడ ఎర్రగీత పడ్తలేదేంది హిమజా? ఆ... అందరు ఒక్కటే రాసిన్రా. కథ థీమ్ ఏందో బోర్డు మీద నువ్వే రాసి చూసి రాయుమన్నవా. మరి గిప్పుడు నువ్వు దిద్దుతున్నది ఎవల రాత బిడ్డా, పిల్లలదా, నీదా? కోపం జేసుకోకు. కొత్త నౌకరి, పైనోళ్లు ఎట్ల చెప్తే గట్ల చెయ్యాలె, నాకు ఎరుకే. గీ థీమ్ అనే ముచ్చట నాకెట్ల తెలుసు అంటవా? నాచారం ఫ్యాక్టరీల ముప్పై ఏండ్లు లేత్ మిషన్ నడిపినోన్ని, ఇంగ్లీషుల సంతకం తప్ప ఏం రాదు. కని నువ్వు కిరాయికుంటున్న అర్రలనే, శాన ఏండ్ల కింద, మా పిల్ల దుర్గాభవాని పదో తరగతి చదివేటప్పుడు, ఎబినేజర్ సారు అని ఒకాయన ఉండేది. గీ గల్లీ చివర ప్రైవేటు బడి ఉండె, దాంట్ల ఇంగ్లీషు సారు, మా పిల్ల గూడ గా బడిలనే. పెండ్లాం సచ్చిపోయింది, పిల్లలు లేరు. ఒక్కడే. పొద్దుగూకే టైముకు నేను డ్యూటీ నుంచి వచ్చి గీ మెట్ల మీదనే కూసునేది, సారు పుస్తకం పట్టుకొని దిగి వచ్చేది. "రాములన్నా, ఒక కథ ఇంటవా" అనేది. ఇంగ్లీషుల ఒక ముక్క చదివి, తెలుగుల చెప్పుకుంట, చెప్పుకుంట, అయిపోయినంక పుస్తకం మూసి, "దీంట్ల థీమ్ ఏంది రాములన్నా" అని అడిగేది. నన్ను. మా ఫోర్‌మన్ నన్ను ఒక్కరోజన్న ఏదన్న అడిగిండా? అది చెయ్యి, ఇది తియ్యి, అంతే. గీయన అడిగేది. గైడు బుక్కులంటే సారుకు ఒళ్లు మంట. "పిల్లల బుర్రకు తాళమేసి, చెవి తీస్కపోయి గైడు అచ్చేసెటోని జేబుల పెట్టిన్రు" అని మా యూనియనోళ్ల లెక్క మాట్లాడేది. నేను మస్తు ఖుషీ అయ్యేది.

ఒక కథ ఉండె. ఏదో సలి దేశంల, రేకు డబ్బాలు చేసేటోడు ఒకడు సచ్చిపోతడు. వాని పెండ్లాం రోజు పొద్దుగాల ఆయన పీట మీద కూసొని, ఒకటే రేకును సుత్తెతోని కొడ్తనే ఉంటది. డబ్బా చెయ్యది, అమ్మది. ఊరోళ్లు పిచ్చిదంటరు. గైడుల దానికి 'శ్రమ గౌరవం' అని రాసి ఉన్నదట. నేను అన్న, "శ్రమ లేదు గిమ లేదు సార్. ఆ సుత్తె ఆపితే ఇంట్ల చప్పుడుండదు, గందుకు కొడ్తున్నది." నా పెండ్లాం వెంకటనర్సమ్మ ఊరికి పోయినప్పుడల్లా నేను ఉత్త గిన్నెను గంటెతోని కొట్టుకుంట తినేటోన్ని, గదే చెప్పిన. గిప్పుడు ఆమె మొత్తానికే పోయింది, టీవీ పెట్టుకొని కూసుంటున్న, ఏం చూస్తనని? సరే, అది ఇడిసిపెట్టు. సారు అద్దాలు తీసి అంగీకి తుడుసుకున్నడు. మా పిల్ల గూడ పక్కనే కూసొని ఇన్నది.

గప్పట్ల ఆర్నెల్ల పరీక్ష పేపర్లు ఉప్పల్ల ఇంకో బడికి పోయేటియి దిద్దనీకి, దిద్దినంక మల్ల మా బడికే వచ్చేటియి. అక్కడ దిద్దేటోనికి జవాబులు రాసిన కాయితం ఒకటి ఇస్తరు గదా, దాంట్ల ఉన్నది ఉన్నట్టు ఉంటెనే మార్కు. పరీక్షల గా సుత్తె కథనే అడిగిన్రు; సారు పిల్లలకు బట్టీ పట్టియ్యలే, మీకు తోచింది రాయున్రి అన్నడు. సగం మంది ఫేలు. మా పిల్ల గూడ. తల్లిదండ్రులందరం కలిసి బడి మీదికి పోయినం. నేను గూడ పోయిన, కోపంగనే పోయిన. ప్రిన్సిపాల్ విశ్వనాథం మా ముంగట ఒక పేపరు పట్టుకొని, పేరు చెప్పకుంట, తెలుగుల చదివిండు. "సుత్తె ఆపితే ఇంట్ల చప్పుడు ఉండదు కాబట్టి. ఇది జవాబా అండి?" అన్నడు. పక్కకున్న గిరిప్రసాద్ అని ఒకడు, "చప్పుడు గావాల్నంటే రేడియో కొనుక్కొమ్మనున్రి ముసల్దాన్ని" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

నవ్విన బిడ్డా. నాకు ఎరుకైంది, అది నా మాటనే అని, నా బిడ్డ రాతనే అని. ఎరుకైనంకనే నవ్విన. ఫ్యాక్టరీ గేటు కాడ మైకు పట్టుకొని "అడిగే హక్కు మాది" అని గొంతు పోయేదాంక మొత్తుకున్నోన్ని. గా బడి బల్ల మీద కూసొని ఒక్క మాట అనలే. ప్రిన్సిపాల్ గద్దించిండు, "ఈ పిచ్చి జవాబు పిల్లకు చెప్పిందెవరు?" సారు గోడకు ఆనుకొని నిలబడ్డడు. ఒక్కసారి నా దిక్కు చూసిండు. నేను నా చెప్పుల దిక్కు చూసిన. "నేనే చెప్పిన" అన్నడు.

వారం లోపల్నే తీసేసిన్రు. అర్ర ఖాళీ చేసి జవహర్‌నగర్ దిక్కు పోయిండు, అక్కడ చెత్త ఏరుకునేటోళ్ల పిల్లలకు చదువు చెప్పుకుంట బతికిండట. మా పిల్లకు సంగతి తెలిసి, "నువ్వే గద నాయినా చెప్పింది" అన్నది, అంతే. మల్ల ఎన్నడు గా ముచ్చట ఎత్తలే. గిప్పుడు పోచారంల ఉంటది, ఫోన్ చేస్తది, తిన్నవా అని అడుగుతది. సారు రెండేండ్లకు దవాఖానల పానం ఇడిసిండని ఆయన అక్క సువార్తమ్మ కబురు పంపింది.

ఏంది? ఒక్కసారన్న పోయి కలువలేదా అంటవా. పోయిన. ఎందుకు అబద్ధం ఆడాలె. ఆయన పోకముందు ఒక ఆయితారం పోయిన, తప్పైంది అని చెప్దామని. రేకుల ఇల్లు. నన్ను చూసి మొకం ఎంత ఎలిగిందో. ఉన్న ఒక్క కుర్చీ నాకేసి తను గడప మీద కూసున్నడు. "మంచిగొచ్చినవ్ రాములన్నా, కొత్త కథ ఒకటి దొరికింది" అని పుస్తకం తెచ్చి మొత్తం చదివిండు. నడుమ నడుమ దగ్గుకుంట. మూసి, నా దిక్కు చూసి, "దీంట్ల థీమ్ ఏంది రాములన్నా" అన్నడు, ఏమి కానట్టే. నేను అన్న, "నాకేం తెలుసు సార్, సదువు రానోన్ని."

ఇంకేం అడగలే. చాయ్ తాగిపిచ్చి, బస్సు దాంక వచ్చి ఎక్కిచ్చిండు.

ఆ కథ థీమ్ నా? తెలుసు. గప్పుడు గూడ తెలుసు, ఆయన చదువుతుండంగనే... పో బిడ్డా, నీ కుక్కర్ మూడు కూతలు పెట్టింది, అన్నం మాడుతది.