పన్నెండు పుష్‌రాడ్లు, పెద్దక్కగారి సర్వీసు పుస్తకంలో ఒక పుట

1989వ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు, మా అగ్నిమాపక వాహనాల మరమ్మతు కేంద్రంలోని ఇంజిన్ విభాగంలో పెద్దక్కగారు సహాయ ఫిట్టరుగా విధుల్లో చేరారు. నాటి హాజరు పట్టీలో ఇరవై ముగ్గురు పురుషుల సంతకాల కింద వారి సంతకం అన్నిటికంటే చిన్నదిగా, గీత మీద నిటారుగా కనిపిస్తుంది. అప్పటికి వారికి నిండా ఇరవై నాలుగేళ్ళు. తమకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన ఆనాటి ఫోర్‌మన్, ఒక బోల్టు బిగింపు విషయంలో వారిచేత చీవాట్లు తిని, “సరే పెద్దక్కా, నువ్వు చెప్పినట్టే కానీ” అన్ననాటి నుంచి ఆ పిలుపు స్థిరపడిపోయింది. తరువాత వచ్చిన మేనేజర్లు సైతం దానికి చివర ‘గారు’ చేర్చారే తప్ప మార్చే సాహసం చేయలేదు.

పెద్దక్కగారి పదవీ విరమణ సందర్భంగా వెలువడే ఈ సంచిక కోసం తలా ఒక పుట రాయమని సంపాదక వర్గం కోరగా, స్టోర్స్ కీపరునైన నేను రెండు పుటలు అడిగి తీసుకున్నాను. ఒక పుట ప్రశంసకు. రెండవది, ఇరవై తొమ్మిదేళ్ళుగా కడుపులో దాచుకున్న ఒక సంగతికి. పెద్దక్కగారి సర్వీసు పుస్తకంలో ఒకే ఒక్క మెమో ఉంది. అందులో రాసిన తప్పు వారిది కాదు, నాది. వారు పదవి నుంచి తప్పుకొనే ముందు ఆ మాట అందరి ఎదుట చెప్పకపోతే, ఇక చెప్పే అర్హత కూడా నాకుండదు.

ముందుగా ప్రశంస. చేరిన రెండేళ్ళకే వారు స్వతంత్రంగా ఇంజిన్ విప్పి బిగించే బాధ్యత చేపట్టారు. అయిదేళ్ళకు ఫిట్టరు హోదా పొందారు. వాల్వులను తెరిపించే కామ్‌షాఫ్ట్ మార్చడమంటే పాతది తీసి కొత్తది దూర్చడమే కదా అనుకొనేవారికి వారి బల్ల దగ్గర ఓపిక పరీక్ష జరిగేది. కొత్త షాఫ్ట్ వాల్వును మరికాస్త ఎత్తుకు లేపేదైతే, స్ప్రింగు నలిగి చుట్ట మీద చుట్ట ఆనుకుంటుంది. ఆనుకున్న తరువాత ఏదో ఒకటి విరుగుతుంది. అందువల్ల వారు పన్నెండు వాల్వులకూ విడివిడిగా, స్ప్రింగు కూర్చునే చోటి నుంచి దాని పైనుండే మూత అడుగుదాకా ఎత్తు కొలిచి, స్ప్రింగు పూర్తిగా నలిగినప్పటి పొడవుతో పోల్చి, మధ్య ఖాళీ చాలినంత ఉందని తేల్చుకొని, ఎత్తు మిగిలిన చోట అడుగున పలుచని వాషరు వేసి సరిచేసేవారు. ఆ తరువాత, కామ్‌షాఫ్ట్ కదలికను పైనున్న రాకర్‌కూ, దాని ద్వారా వాల్వుకూ అందించే సన్నని కడ్డీలైన పుష్‌రాడ్ల వంతు. వాల్వు కొసన నీలిరంగు పూసి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి, రాకర్ ఒరిసిన గుర్తు సరిగ్గా నడిమికి వచ్చినప్పుడే ఆ రాడ్ పొడవు సరైనదని ఒప్పుకొనేవారు. వారి కుడిచేతి చూపుడువేలు ఇన్నేళ్ళుగా నీలంగానే ఉంది. “మా అమ్మ నా గౌను పొడవు కూడా వెర్నియర్‌తోనే కొలిచేది అంకుల్” అని వారి అమ్మాయి నాతో చెప్పింది. బడిలో లెక్కల మాస్టారైన వారి భర్తగారు పక్కనే ఉండి కూడా ఆ మాట కాదనలేదు.

ఇక రెండవ పుట. 1996 అక్టోబరులో ఒక శుక్రవారం. నేను చేరి ఏడాది కావస్తున్నది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక అగ్నిమాపక వాహనానికి అరిగిన కామ్‌షాఫ్ట్ తీసి, సానపట్టించి తెచ్చిన మరొకటి వేస్తున్నారు. సానపట్టినప్పుడు షాఫ్ట్ కాస్త సన్నబడుతుంది గనుక, ఆ మేరకు పుష్‌రాడ్లు పొడవుగా ఉండాలి. పెద్దక్కగారు ముందే కొలిచి ఇచ్చిన పొడవు ప్రకారం ఆ వారం మొదట్లోనే పన్నెండు రాడ్లు తెప్పించి, పెట్టె మీద ఆ కొలత పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. అంతవరకు నా పని నిక్షేపంగా ఉంది. ఆ మరునాడే అర సర్దుతూ, విడిగా పడి ఉన్న నాలుగు పాత రాడ్లను చోటు చాలక అదే పెట్టెలో పైన పడేశాను. శుక్రవారం ఉదయం ఆ పెట్టెలో నుంచే పన్నెండు లెక్కపెట్టి ఇచ్చాను. అడుగున ఇంకా నాలుగు ఎందుకు మిగిలాయని ఆలోచించే తీరిక మహానుభావుడినైన నాకు లేకపోయింది.

“కొలిచావా తమ్ముడూ?” అని అడిగారు పెద్దక్కగారు.

“పెట్టె మీద రాసుంది కదా పెద్దక్కా, మళ్ళీ కొలవడం ఎందుకు?” అన్నాను.

సాయంత్రం నాలుగింటికి బండి తన పేటకు తిరిగి వెళ్ళాలి. ఆ పేటకు ఉన్నది అదొక్కటే. తమ ఉద్యోగ జీవితంలో ఆ ఒక్కసారి పెద్దక్కగారు నా మాట నమ్మి, మొదటి నాలుగు రాడ్లు కొలవకుండా వేశారు. వాల్వు ఖాళీ సరిచేయబోతే రాకర్ మర ఎంత తిప్పినా ఇంకా దిగుతూనే ఉంది. వారు రాడ్ బయటికి తీసి కొలిచారు. ఒకటీ పాయింట్ ఆరు మిల్లీమీటర్లు పొట్టి. అలాగే బిగించి పంపి ఉంటే, ఏ మంట ముందో ఆ ఇంజిన్ మొరాయించేది. వేసిన నాలుగూ తీసి, పెట్టె అడుగున మిగిలిన నాలుగూ తెప్పించి, పన్నెండూ కొలిచి, నీలిరంగు పూసి మొదటి నుంచీ చూసుకొచ్చేసరికి బండి శనివారం మధ్యాహ్నానికి గాని కదలలేదు. ఆ ఇరవై గంటల్లో ఆ పేట నుంచి ఫోన్ రాకపోవడం మా అదృష్టం.

శుక్రవారం నాలుగింటికే మేనేజరుగారు వచ్చి నిలబడ్డారు. “ఇస్తానన్న టైము ఇది. ఏమైంది?”

నేను తల వంచి చేతిలోని స్టోర్స్ పుస్తకం పుటలు తిప్పసాగాను.

“నాలుగు రాడ్లు కొలవకుండా వేశానండి. తప్పు నాదే” అన్నారు పెద్దక్కగారు.

“కొలవకుండానా? మీరా?”

“నేనేనండి.”

ఆయన వెళ్ళాక నేను గొణిగాను. “పెద్దక్కా, పెట్టెలో కలిపింది నేను కదా...”

“నాకు తెలుసులే. నీ ఉద్యోగం ఖాయం కావడానికి ఇంకా ఇరవై రోజులుంది. మీ ఇంటి దగ్గర మా మరదలు నెలలు నిండి ఉంది. నాకైతే ఒక కాగితం వస్తుంది, అంతేగా. ముందు వెళ్ళి ఆ పెట్టె ఖాళీ చెయ్యి.”

ఆ కాగితం మరుసటి ఏడు వారికి రావలసిన ఫోర్‌మన్ పదవిని మూడేళ్ళు వెనక్కి నెట్టింది. అప్పటికి నా ఉద్యోగం ఖాయమైంది, ఇంట్లో పాప పుట్టింది, చెప్పడానికి అడ్డేమీ లేదు. అయినా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ తప్పించుకు తిరిగాను. సిగ్గుపడుతున్నాను. స్టోర్స్ నుంచి వెళ్ళే ప్రతి వస్తువుకూ కొలత చీటీ కట్టే అలవాటును ప్రవేశపెట్టినందుకు నన్ను మెచ్చుకొనేవారున్నారు. ఆ మెప్పు నాకు చెందదని ఇప్పటికి అందరికీ అర్థమై ఉంటుంది.

2000లో ఫోర్‌మన్ అయిన పెద్దక్కగారి చేతుల మీదుగా నాలుగు వందల పైచిలుకు ఇంజిన్లు బయటికి వెళ్ళాయి. ఒక్కటీ దారిలో ఆగలేదు. గత నెల నేను జరిగినదంతా ఉత్తరంగా రాసి ఇప్పటి మేనేజరుగారికి సమర్పించాను. ఆయన చదివి, దానిని సర్వీసు పుస్తకంలో ఆ మెమో పక్కనే కుట్టించారు. ఆయనకు నా నమస్సులు.

అచ్చుకు ఇచ్చే ముందు ఈ వ్యాసాన్ని పెద్దక్కగారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకొని, నిలబడే మొత్తం చదివారు. నేను రాడ్లు ‘రెండు మిల్లీమీటర్లు’ పొట్టి అని రాసిన చోట పెన్సిలుతో కొట్టేశారు.

“ఉజ్జాయింపుగా రాస్తే ఎలా తమ్ముడూ? ఒకటీ పాయింట్ ఆరు.”

“మరి మిగతాది?”

“మిగతాది సరిగ్గానే ఉంది.” కాగితాలు మడిచి నా చేతికిస్తూ అన్నారు. “చాలాకాలం నీ మీద కోపం ఉండేది. ఆ రోజు నువ్వే నోరు తెరుస్తావేమోనని చూశాను.”

“ఇప్పుడు, పెద్దక్కా?”

“ఇప్పుడు లేదు. ఉంటే చెప్పేదాన్ని.”

అంత ఆలస్యంగా తెరుచుకున్న ఈ నోటితోనే, మా కేంద్రంలోని అందరి పక్షాన, పెద్దక్కగారు భర్తతో, బిడ్డతో నిండు ఆరోగ్యంగా, కంటి చూపూ చేతి పట్టూ ఏమాత్రం తగ్గకుండా నూరేళ్ళు సుఖంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.