‘కాబట్టి’ చుట్టూ ఆకుపచ్చ సున్నా

1991 జూలై 8, సోమవారం ఉదయం, మాస్టారు మా కళాశాల తత్వశాస్త్ర విభాగంలో ఉపన్యాసకులుగా బాధ్యతలు స్వీకరించారు. విభాగమంటే అప్పటికి ఒక గది, ఒక బీరువా, కాలు విరిగిన బల్ల ఒకటి. పక్కనే రసాయనశాస్త్ర ప్రయోగశాల ఉండడంతో, ఆత్మ నిత్యమా అనిత్యమా అన్న చర్చ కుళ్లిన కోడిగుడ్ల వాసన నడుమ సాగేదట. “ఈ వాసన గదిలో ఉందా, మన ముక్కులో ఉందా?” అన్నదే ఆయన మొదటి పాఠమని ఆనాటి విద్యార్థులు చెబుతారు.

తొలి పదేళ్లు డిగ్రీ మూడు తరగతులకూ ఆయనొక్కరే పాఠం చెప్పారు. తర్కశాస్త్రానికి తేలికైన తెలుగు పుస్తకం దొరకక తామే నోట్సు రాసి, ఏటా దిద్ది, ఏటా పంచారు. తరువాత విభాగాధిపతులయ్యారు కానీ, జవాబుపత్రాలు దిద్దే తీరు మార్చుకోలేదు. ‘కాబట్టి’ అన్న మాట కనబడిన ప్రతిచోటా ఆకుపచ్చ సిరాతో సున్నా చుట్టి, పక్కన “ఎక్కడి నుంచి వచ్చింది?” అని రాసేవారు. ముందు చెప్పిన మాటల్లోంచే ఆ ముగింపు పుట్టిందా, మన ఇష్టంలోంచి ఊడిపడిందా అని దాని అర్థం. విద్యార్థులు చాటుగా పెట్టుకున్న ‘కాబట్టి మాస్టారు’ అన్న పేరు ఆయనకూ తెలుసు.

2012లో మొదటి సంవత్సరంలో చేరినవారం పదిమందిమి. పదికి తగ్గితే కోర్సు ఎత్తివేస్తామని, మాస్టారిని వేరే ఊరికి బదిలీ చేస్తామని ఉత్తర్వు వచ్చింది. ఆ వారమే నేను కామర్సుకు మారిపోతానంటూ దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. “తత్వం చదివి ఎవరిని ఉద్ధరిస్తావే?” అని నాన్న ఇంట్లో ఒకటే పోరు.

గదిలో గుమాస్తాగారు కూడా ఉన్నారు. నా కాగితం చూసి మాస్టారు కలం తీశారు.

“ఏంటి సార్, కూర్చున్న కొమ్మనే నరుక్కుంటారా?” అన్నారు గుమాస్తాగారు.

“గొడ్డలి నా చేతిలో లేదండీ, అమ్మాయి చేతిలో ఉంది.”

“నేను వెళ్తే కోర్సు పోతుంది. కాబట్టి ఉండిపోనా సార్?” అన్నాను.

“ఆ కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా? కోర్సు నిలవడం నా అవసరం. నా అవసరం నీకు కారణం కాదు. చదవాలని ఉంటే ఉండు, లేకపోతే నిశ్చింతగా వెళ్లు.”

సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, కాగితం నా చేతికిచ్చారు.

వరండాలో చాలాసేపు నిలబడ్డాను. నన్ను ఆపితే అందరికంటే ఎక్కువ లాభం కలిగేది ఆయనకే, అయినా ఆయన ఆపలేదు. అలా ఉండడం ఎలాగో నేర్పే చదువు ఇదే అయితే, నేను చదవవలసిందీ ఇదేననిపించింది. ఆ కాగితం ఆఫీసుకు చేరలేదు. కోర్సు నిలిచింది. ఆరేళ్ల తరువాత అదే విభాగంలో వారి సహోద్యోగినయ్యాను.

నాకు పెళ్లయి నలభై రోజులైంది. కొత్త బీరువాలో చీరలకన్నా ముందు ఆ కాగితం దాచుకున్నాను. మొన్న మా ఆయనతో, “నాకు కళాశాలకు ఆలస్యమవుతోంది, కాబట్టి గిన్నెలు మీవి” అన్నాను. “ఆ కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందోయ్?” అంటూనే నవ్వుతూ తోమారు. మాస్టారి పాఠం మా వంటింటి దాకా వచ్చింది.

ముప్పై నాలుగేళ్ల సేవ ముగించి మాస్టారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. “మాకింత మేలు చేశారు, కాబట్టి మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి” అని ఈ వ్యాసం చివర ముందు రాశాను. ఆకుపచ్చ సున్నా కళ్లముందు కదలడంతో ఆ ‘కాబట్టి’ కొట్టివేశాను. మేలు చేసినవారికల్లా దీర్ఘాయువు దక్కుతుందన్న నియమం ఏ తర్కంలోనూ లేదు. అయినా మాస్టారూ, మీరు అమ్మగారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉండాలి.

ఇది కారణం కాదు. మా అవసరం.