దయ్యానికి రెండు స్టార్లు

“టీ వచ్చిందా? రండి ప్రెస్సాయనా, ఆ ఇస్త్రీ బల్ల మీద బట్టలు కాస్త పక్కకి జరిపి కూర్చోండి. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతుంది. మా తోడికోడలు రాసిన నవల అచ్చుకి పట్టుకెళ్దామని వచ్చారు, నాకు తెలుసు. అదేమో నేను చదివి ఉన్నమాట చెప్పేదాకా మీ చేతికివ్వనంటోంది. చూసినవాళ్ళంతా బాగుంది బాగుంది అన్నారట, ఆ మాట మీద దానికి నమ్మకం లేదు. అక్క బాగుందంటే అచ్చుకిస్తాను, లేదంటే రాయడం మానేసి నోరుమూసుకుని స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటానని ఒట్టు పెట్టుకుంది. చూశారా, నా మాటకున్న విలువ? చెప్తాను, తొందరేముంది? ముందు ఆ మాట చెప్పేదెవరో మీరు తెలుసుకోవాలి కదా.”

వీధిలో అందరూ ఆవిడని కత్తెరక్క అంటారు. చేతిలో కత్తెర ఉన్నందుకు సగం, నోట్లో ఉన్నందుకు సగం. ఈ టైలరింగ్ షాపు పెట్టింది ఆవిడ భర్త. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు షాపు ఆవిడే నడుపుతోంది. పక్క మెషిన్ మీద తోడికోడలు, గుమ్మం దగ్గర వెలుతురులో గుండీలు కుడుతూ అత్తగారు. కత్తెరక్క మాట్లాడుతూనే తొక్కుతోంది, తొక్కినప్పుడల్లా మెషిన్ కీచుమంటోంది.

“దానికి కాస్త ఆయిల్ వెయ్యవే అమ్మాయ్,” అన్నారు అత్తగారు. “చెవులు పోతున్నాయి.”

“వేస్తాలెండి అత్తయ్యా. ఈ కీచు ఉంటేనే కదా నేను పనిలో ఉన్నానని వీధికి తెలిసేది. ఏం చెప్తున్నాను? ఆ. ప్రేమ నవలలు, దయ్యాల నవలలు, ప్రేమించే దయ్యాల నవలలు, నేను దేన్నీ వదల్లేదండీ. మెషిన్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని, కుడుతూ చదువుతాను. అంతా చదివాక కింద స్టార్లిచ్చి నాలుగు ముక్కలు రాయమంటారు కదా, జనం ఏం రాస్తారు? ‘సూపర్ మేడం, తర్వాతి భాగం ఎప్పుడు’ అని రాస్తారు. నాకా మొహమాటం లేదు. ఒకావిడ నవల్లో హీరో ఉన్నాడు, హీరోయిన్‌ని నోరెత్తనివ్వకుండా చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్తాడు, అది ప్రేమట. నేను ఒక్క స్టారిచ్చి, ‘అమ్మా, ఇలాంటివాడు మా షాపుకొస్తే కొలతలు తీసుకోకుండానే పంపించేస్తాం’ అని రాశాను. మర్నాటికల్లా ఆవిడ ఆ భాగం మార్చేసింది. హీరో చెయ్యి వదిలేసి, ‘నాతో వస్తావా’ అని అడిగాడు.”

“ఇంతవరకూ నిజమే,” అంది తోడికోడలు ప్రెస్సాయనతో. “నేనూ చూశాను.”

“నాకు సాక్ష్యాలెందుకే మధ్యలో? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ మా షాపు ఎక్కడుందో కనుక్కుని వచ్చేసింది. అంత పెద్ద రచయిత్రి కారు దిగి, ఇదిగో ఈ గుమ్మంలో నిలబడి, ‘మీరు చూడకుండా ఇకమీద ఒక్క పేజీ బయటికి వదలనండీ’ అని కాళ్ళావేళ్ళా పడింది. ఆవిడ వెనకాల ఇంకొకావిడ, ఆవిడ వెనక ఆడవాళ్ళ పేర్లతో రాసే మగాళ్ళు, వీధి మలుపు దాకా బారులు తీరారు. స్కూలు బస్సు తిరగడానికి చోటు లేక ఆ రోజు స్కూలుకే సెలవిచ్చేశారు.”

“అప్పుడు నేనెక్కడున్నాను?” అన్నారు అత్తగారు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

“మీరు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు అత్తయ్యా. మీరు వెళ్ళిన రోజునే ఇక్కడ అన్నీ జరుగుతాయి.”

తోడికోడలు దారం తెంపి ఇటు తిరిగింది. “అక్కా, నా పుస్తకం సంగతి...”

“అక్కడికే వస్తున్నా. నీ పుస్తకంలో ఉన్నది దయ్యమే కదా, మరి దయ్యాల గురించి నాకేం తెలుసో ఈయన వినద్దూ? ఒక నవల్లో పాడుబడ్డ బంగళా, అందులో తెల్లబట్టల దయ్యం. తలుపులు బాదుతుంది, దీపాలు ఆర్పుతుంది, గొంతు చించుకుని అరుస్తుంది. నాకు ఆవలింత వచ్చింది. ‘దీపాలు ఆర్పడంలో ఈ దయ్యం కంటే మా కరెంటాఫీసు నయం, ఒక్క స్టారు’ అని రాశాను. రాసి ఫోన్ పక్కన పెట్టానో లేదో, మిట్టమధ్యాహ్నం, ఎవరో ఎదురుగా నిలబడ్డారు. తలెత్తి చూస్తే అదే దయ్యం.”

“మధ్యాహ్నం దయ్యమేమిటమ్మా?” అన్నాడు ప్రెస్సాయన.

“నేను రాసిందీ అదే కదండీ, దానికి పని రాదని. వేళాపాళా తెలీని దయ్యం. ‘మేడం, మీరు రాసింది చదివి మావాళ్ళలో నా పరువు పోయింది, ఇంకొక్క స్టారు వెయ్యండి’ అని బేలమొహం పెట్టింది. జాలేసింది, అబద్ధమెందుకు. కానీ స్టారు వెయ్యలేదు. జాలి వేరు, స్టారు వేరు. ‘ముందు ఆ బట్టలేమిటి, భుజాలు జారిపోతున్నాయి, ఇలా రా’ అని టేపు తీశాను. నడుం చుట్టూ వేద్దామంటే టేపు ఇటునుంచి అటు పోయింది, మధ్యలో ఏమీ లేదు. అయినా వదిలానా? గాలికి కొలతలు తీసి, లోపల కాన్వాసు వేసి, కాలరు నిలబెట్టి కుట్టిచ్చాను. ‘చూడు, భయపెట్టాలంటే అరవకూడదు. ఇంట్లోవాళ్ళు రోజూ చూసే కుర్చీలో వచ్చి ఊరికే కూర్చో, చాలు’ అని నేర్పించి పంపాను. ఆ నవల రెండోసారి అచ్చయ్యాక చదివినవాళ్ళు, ఈరోజుకీ తమ కుర్చీల్లో తాము కూర్చోవడం లేదు. నేలమీదే భోజనాలు.”

ప్రెస్సాయన తను కూర్చున్న బల్ల కేసి ఓసారి చూసుకున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ దయ్యం వెళ్ళి ఊరుకుంటుందా? వాళ్ళందరికీ చెప్పింది. రక్తపిశాచులు, అద్దాల్లో ఉండే ఆడపిల్లలు, తోడేళ్ళయ్యే మొగుళ్ళు, అందరూ ఇక్కడికే. తోడేలాయనకి పౌర్ణమి వచ్చినప్పుడల్లా ప్యాంటు చిరిగిపోతుందట, పాపం, ఎలాస్టిక్ వేసి పంపించాను. ఒక హీరోయిన్ అయితే సగం నవల్లో లేచి వచ్చేసింది. ‘అక్కా, ఆ పిశాచి నన్ను నూరేళ్ళుగా ప్రేమిస్తున్నానంటాడు. నూరేళ్ళలో ఒక్కసారి కూడా నీకేం కావాలని అడగలేదు’ అంది. ‘అయితే వెళ్ళకమ్మా’ అని కూర్చోబెట్టి, కాజాలు కుట్టడం నేర్పించాను. అక్కడ రచయిత నెత్తీ నోరూ కొట్టుకుని, ఆఖరికి హీరోయిన్ లేకుండానే నవల ముగించాడు. పిశాచి ఒంటరిగా కూర్చుని ఆలోచించి, సిగ్గుపడి, కోరపళ్ళు రెండూ పీకించుకున్నాడు. దానికి మాత్రం అయిదు స్టార్లూ ఇచ్చాను. ఆ దెబ్బతో చెడ్డ ప్రేమ నవల రాయడానికి ప్రపంచంలో ఎవరికీ చెయ్యాడలేదు. కాగితం మిల్లువాళ్ళు వచ్చి, ‘అమ్మా, కాస్త చూసీచూడనట్టు పోనివ్వండి, మిల్లు మూతపడేలా ఉంది’ అని బతిమాలారు.”

“మాక్కూడా ఆ మధ్య పని తగ్గిందండీ,” అన్నాడు ప్రెస్సాయన టీ గ్లాసులోకి నవ్వుతూ. “ఎందుకా అనుకున్నాను.”

అత్తగారు కూడా నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. ఆమె గ్లాసులో టీ అలాగే చల్లారిపోయింది.

“అక్కా, నా పుస్తకం చదివావా?”

“చదవకేం?” మెషిన్ జోరందుకుంది. “ఆ సొరుగులోనే ఉంది చూసుకో. పట్టుకున్నదాన్ని వదిలితే ఒట్టు, ఒక్క ఊపున చదివేశాను. మామూలు పుస్తకమా అది? అయిదు స్టార్లు ఏ మూలకి? ముఖ్యంగా ఆ ముగింపు. ఆ ముగింపు చదివి నేనేడ్చిన ఏడుపుకి కుట్టిన యూనిఫారాలన్నీ తడిసి ముద్దయితే మళ్ళీ ఇస్త్రీ చెయ్యాల్సొచ్చింది. మన కాలరు దయ్యం నా భుజం మీంచి చదువుతూ ముక్కు చీదుకుంది. ‘మేడం, దయ్యమంటే ఇదీ, మేమూ ఉన్నాం ఎందుకు’ అంది. పట్టుకెళ్ళిపోండి ప్రెస్సాయనా, కళ్ళు మూసుకుని అచ్చేసెయ్యండి.”

ప్రెస్సాయన చెయ్యి చాచాడు. తోడికోడలు లేచి సొరుగు లాగి, స్పైరల్ వేయించిన కాగితాల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంది. మధ్యలోంచి నీలం గుడ్డ పీలిక ఒకటి బయటికి కనిపిస్తోంది. కాగితం మీద ఏది చదివినా, ఆపిన చోట గుర్తుకి అలా గుడ్డముక్క పెట్టడం కత్తెరక్కకి అలవాటు.

“ఇందులో ముగింపు లేదక్కా,” అంది తోడికోడలు.

మెషిన్ ఆగింది.

“ట్రయల్‌కిచ్చే బట్టకి మనం కింద అంచు కుట్టం కదా. వాళ్ళు వేసుకుని చూసి, పొడుగు ఎంతుండాలో చెప్పాకే మడిచి కుడతాం. నేనూ అలాగే ఇచ్చాను. ఆఖరి అధ్యాయం ఇంకా రాయలేదు, ఎలా ముగించాలో నిన్నడిగి రాద్దామని. నువ్వేమో లేని ముగింపుకి ఏడ్చానంటున్నావు.”

ప్రెస్సాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“అందరూ ఇంతే చేశారక్కా. చదవకుండానే బాగుందన్నారు. ఎవరెవరి హీరోలనో కడిగేస్తావు, నువ్వొక్కదానివైనా నాకు నిజం చెప్తావనుకున్నాను.” ఆమె ఆ నీలం పీలిక మీద వేలు పెట్టింది. “సగం కూడా చదవబుద్ధి కాలేదా? అంత బాగోలేదా?”

కత్తెరక్క కాసేపు సూది కింద ఉన్న గుడ్డని సవరించింది. అది సరిగానే ఉంది.

“ఆ గుడ్డ పెట్టిన చోట తియ్యి,” అంది. “ఏముంది అక్కడ?”

“చనిపోయినాయన తిరిగి షాపుకొస్తాడు. ఆవిడ మెషిన్ ముందు ఉంటుంది. ఆయన గుమ్మంలో నిలబడి మాట్లాడతాడు.”

“ఎంతసేపు?”

“రెండు పేజీలు.”

“అందుకే ఆపేశాను. అక్కడిదాకా నాకు ఊపిరాడలేదే. ఆయన గ్లాసు కడక్కుండా కిటికీలో పెట్టడం, కత్తెర తగిలించే మేకు, స్టూలు కాలితో లాక్కోవడం, ఇవన్నీ నువ్వెప్పుడు చూశావు? నేనే మర్చిపోయాననుకున్నాను. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి, ఇన్ని దయ్యాల కథలు చదివినదాన్ని, మెషిన్ తొక్కడం మర్చిపోయాను. అప్పుడు నోరు విప్పి, ‘ప్రాణమా, మృత్యువు కూడా మనల్ని విడదీయలేకపోయింది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ బావగారు బతికుండగా నన్ను పేరు పెట్టి కూడా పిలవలేదు, ‘ఇదిగో’ అనేవారు. ఎవడో పరాయివాడు వచ్చి ఆయన స్టూలు మీద కూర్చున్నట్టయింది. ఆ దయ్యానికి రెండు స్టార్లు. అంతకంటే ఇవ్వను.”

“మరి ఆ మాట నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే మానేస్తానన్నావుగా. నువ్వు మానేస్తే ఆయన ఆ గుమ్మంలోనే ఉండిపోతాడు.”

అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది. తోడికోడలు చేత్తో కళ్ళు తుడుచుకుని, గుడ్డ మీద గీతలు గీసే పెన్సిల్ తీసుకుంది. “అయితే ఏమంటాడో చెప్పక్కా. నేను మానను.”

కత్తెరక్క గోడవారగా ఉన్న స్టూలు వైపు చూసింది.

“ఏమంటాడు? లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. కాసేపు మెషిన్ చప్పుడు వింటాడు. ‘ఆయిల్ వేశావా’ అంటాడు. అంతే.”

“ఆవిడేమంటుంది?”

“ఏమీ అనదు. తొక్కుతూనే ఉంటుంది.”

“వేశానని ఒక్కమాట చెప్పచ్చు కదమ్మా,” అన్నాడు ప్రెస్సాయన మెల్లగా.

“చెప్తే ఇక పని లేదని లేచి వెళ్ళిపోతాడు కదండీ.”

తోడికోడలు ఆ రెండు పేజీల మీదా అడ్డంగా గీత కొట్టి, కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. ప్రెస్సాయన గ్లాసు బల్లమీద పెట్టి, పూర్తయ్యాక కబురు చెయ్యండమ్మా అని లేచాడు. కత్తెరక్క కాలు ఆడించింది. మెషిన్ కీచుమంది. అత్తగారు ఈసారి ఆయిల్ మాట ఎత్తలేదు.