రెక్కలకు కుట్టిన చొక్కా

పొద్దున్నే టైలరమ్మ కొట్టు పైకప్పు విరగ్గొట్టుకుని పడిన కుర్ర దేవదూతకు రెక్కలైతే ఉన్నాయిగానీ, జ్ఞాపకాలు లేవు. ఆమె జాలిపడి, ఒక చొక్కాకు వీపున రెండు చీలికలు పెట్టి కుట్టి తొడిగింది.

“నిన్ను పైనుంచి ఎందుకు తోసేశారు బాబూ?”

“గుర్తులేదండీ.”

“పోనీలే. చొక్కా ఎలా ఉంది?”

“గోనెసంచిలా ఉందండీ. మెడ దగ్గర పీక నొక్కేస్తోంది.”

“ఇన్నేళ్లుగా కుడుతున్నాను, ఒక్కరూ ఆ మాట అనలేదు.”

“మీరంటే భయమేమోనండీ.”

ఆమె కత్తెర కింద పెట్టేసింది.

“ఎందుకు తోసేశారో నాకు తెలిసిపోయింది.”

“ఎందుకండీ?”

“ఉన్నమాటంటే ఉలుకెక్కువ నాయనా, పైవాళ్లకైనా.”

“అయితే మీరూ పొమ్మంటారా?”

ఆమె అద్దంలో ఆ చొక్కాను చాలాసేపు చూసింది. నిజంగానే గోనెసంచిలా ఉంది.

“విప్పు, మెడ వదులు చేస్తాను. ఇక్కడే ఉండు. కొట్టుకొచ్చినవాళ్ల ముందు నోరు మాత్రం విప్పకు.”