అడ్రసు ఆఖరి లైను

(బొంబాయి, 1986. కామాటిపుర పదకొండో గల్లీ, ఒక చాల్ గది. భూమయ్య, అతని కూతురు రత్న. ఇద్దరి మధ్య నర్సు ట్రైనింగు ఫారం.)

“దాదర్ అని ఎందుకు రాసినవే? కొట్టెయ్.”

“ఫారం ఒక్కటే ఉన్నది నాయినా. కొట్టేస్తే ఖరాబయితది.”

“కానీ. మనం ఉండేది ఏడ? కామాటిపుర. గదే రాయి.”

“ఉత్తరం శంకర్రావు మామ ఇంటికొస్తే, దాదర్ నుంచి ఆయనే తెచ్చిస్తా అన్నడు. అడిగే వచ్చిన.”

“మనకు ఇల్లు లేదానె? మా తాత ఈ ఊరు కట్టనీకి రాళ్లు మోసిండు. కామాటోళ్లం ఉన్నమనే గదా ఈ పేటకు ఆ పేరు. సిగ్గెందుకు?”

“సిగ్గు గాదు.”

“మరేంది?”

“ఏం లేదు. చాయ్ తాగు, సల్లారుతది.”

“చాయ్ సంగతి తర్వాత. చెప్పు రత్నా.”

“నిరుడు గూడ నింపిన గదా. నువ్వు చెప్పినట్టే కామాటిపుర అని రాసిన.”

“సీట్లు నిండినయ్ అంటివి.”

“అబద్దం చెప్పిన. ఇంటర్వ్యూల ఒకాయన పత్తా చూసిండు. పక్కాయనకు చూపెట్టిండు. ఇద్దరు నవ్విన్రు. కామాటిపుర అంటే సానికొంపలే అనుకుంటరు గదా అందరు.”

“నవ్వితే నవ్వనీ.”

“మీ అమ్మ ఏం పని చేస్తది అని అడిగిండు. నా చిన్నప్పుడే చచ్చిపోయింది అన్న. ఏం రోగమొచ్చి అని మళ్ల నవ్విండు.”

“వాని నోరు పడిపోను!”

“నన్నేమన్నా పడుదును నాయినా. అమ్మను అన్నడు.”

“ఆ పెన్ను ఇటియ్యి.”

“వద్దు నాయినా. దాదర్ అనే ఉండనీ. ఒక్క లైనే గదా. నీ కాల్మొక్త.”

“ఉండనియ్య. కొట్టెయ్.”

“ఇంత చెప్పినంక గూడనా?”

“మీ అమ్మకు గూడ నేను దాదర్ అనే రాయించిన.”

“ఏడ?”

“దవాఖానల. నువ్వప్పుడు పాలమూర్ల మీ అమ్మమ్మ దగ్గర ఉంటివి. కామాటిపుర అంటే మంచిగ చూడరని భయపడ్డ. శంకర్రావు పత్తా చెప్పిన.”

“అయితే ఏమైంది?”

“జరంత కోలుకున్నదని నేను భివండి పనికి పోయిన. ఎనిమిది రోజులు. ఆ నడుమనే మీ అమ్మ గంగవ్వ పోయింది. దవాఖానోళ్లు దాదర్‌కు మనిషిని తోలిన్రు. శంకర్రావు ఊరికి పోయిండు, ఇంటికి తాళం ఉండె.”

“నీ ఒళ్ల తల పెట్టుకోని పోయింది అన్నవ్ గదా! నేనే కొరివి పెట్టిన అన్నవ్!”

“నేను వచ్చేసరికి ఆ మంచం మీద ఇంకెవరో పండుకోని ఉన్నరు. బుక్కుల లావారిస్ అని రాసుకున్నరు. ఎవ్వరు లేని మనిషని, వాళ్లే కాల్చిన్రు బిడ్డా.”