టోల్ రోడ్డు గట్టు మీద

భూకంపం ఆగి ముప్పావు గంటైంది. నగర శివార్లలోని టోల్ రోడ్డు గట్టు మీదికి చిజురు అత్తగారిని లాక్కెళ్తోంది. వెనక వరిపొలాల మీదుగా సముద్రం నల్లగా వస్తోంది.

"ఆగకండత్తయ్యా, ఇంకో పదడుగులే."

"మోకాళ్లు లేవట్లేదే. నన్నొదిలేసి నువ్వెళ్లు."

"మాటలాపి గడ్డి పట్టుకోండి!"

"ఈ రోడ్డు వద్దని ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించింది నేనేగా."

"సిగ్గు తర్వాత పడుదురుగాని, ముందు ఎక్కండి."

"ఏంటే ఆ మోత?"

"వెనక్కి చూడకండి."

"భయమేస్తోందే."

"నాకూ భయంగానే ఉందత్తయ్యా."

పైన కారు ఆపుకున్నవాళ్లెవరో కంచె మీంచి వంగి ఇద్దర్నీ లాగేశారు. మరుక్షణం నీళ్లు గట్టును కొట్టాయి. కింద ఒక ఇంటికప్పు తేలుతూ పోతోంది.

"అది మనదేనా?"

"మనదే."

"నా చెయ్యి వదలకు."

"ఎక్కేశాంగా అత్తయ్యా."

"అయినా వదలకు."