చెయ్యి వణకని తిరిపాలు

తిరిపాలు అని ఒకడు, బండలు పగలగొట్టేవోడు. వాడి కథ ఈ చుట్టుపక్కల నలుగురు చెప్తారు గానీ నా అంత బాగా ఎవరూ చెప్పలేరు. గొప్ప కోసం అనే మాట కాదిది, అబద్ధం చెప్పడం నాకు చేతగాదు, అందుకని అంటాండా. సరే, ఈ తిరిపాలుకు ఒక అన్న, ఓబన్న. బండ పని మీకు తెలుసు గదా, ఒకడు ఉలి పట్టుకోని కూచుంటాడు, ఇంకొకడు నిలబడి సమ్మెట కొడతాడు. పట్టినోడి ప్రాణం కొట్టేవోడి చేతిలో ఉన్నట్టే. ఓబన్న ఉలి పట్టేవోడు, మామ వరసయ్యే గంగప్ప కొట్టేవోడు. ఏమైందంటే, ఒకనాడు గంగప్ప కల్లు తాగొచ్చి సమ్మెట ఎత్తినాడంట. దెబ్బ ఉలి మీద పడలా, ఓబన్న తల మీద పడింది. మనిషి మళ్ళా లేవలా. పెద్దమనుషులు కూచోని, చెయ్యి జారింది, ఎవరేం చేస్తారు, అనేసి లేచిపోయినారు.

వాళ్ళమ్మ సుంకులమ్మ ఏడవలేదంట. అదింకా భయం. చిన్న కొడుకును పిలిచి, నాయనా, వాడి చెయ్యి జారిందన్నారు గదా, నీ చెయ్యి కూడా జారాల, అన్నింది. అంతే మాట. రోజూ సంగటి పెట్టేటప్పుడు మొగం చూస్తాది, ఇంకా జారలేదా అన్నట్టు. తిరిపాలు మెత్తనోడు, అమ్మంటే ప్రాణం. గంగప్ప కాడికి పోయి, మామా, నువ్వు ఉలి పట్టు, నేను కొడతా, అన్నాడు. గంగప్ప వాడి కళ్ళలోకి చూసి, సరేలే అల్లుడా, అన్నాడంట. ఇంక రోజూ ఇదే. సమ్మెట ఎత్తుతాడు, కోపం గొంతు దాకా వస్తాది, చేతులు గడగడా వణుకుతాయి, దెబ్బ పోయి పక్కన పడుతుంది. మనిషీ చావలా, బండా పగల్లా.

వాళ్ళు బండలు కొట్టే కొండలోనే ఒక గవిలో, అదే గుహలో, బుద్ధదేవుడి సామి ఒకాయన వానాకాలం గడుపుతాండాడు. గుండు, కాషాయం గుడ్డ, భిక్షకు ఒక మట్టిసట్టి. తిరిపాలు పోయి కాళ్ళ మీద పడి, సామీ, నా చేతులు వణకకుండా చెయ్యి, అన్నాడు. ఎందుకో చెప్పలా. సామి కూడా అడగలా. నేనైతే అడిగుండేవోణ్ణి, అడక్కపోతే నాకు అన్నం సహించదు. సామి మాత్రం, కూచో, ఊపిరి లోపలికి పోతాంది, చూడు, బయటికి వస్తాంది, చూడు. ఆపొద్దు, లాగొద్దు. కోపమొస్తే తరమొద్దు, దానెంట పోవొద్దు. ఇది కోపం, వచ్చింది, అని చూడు, ఎంతసేపుంటాదో అదే చెప్తాది, అన్నాడంట. ఇంతేనా అనుకున్నాడు తిరిపాలు. కూచుంటే గదా తెలిసేది! కాళ్ళు తిమ్మిరి, చీమలు, కళ్ళు మూస్తే అన్న పగిలిన తల. ఏడ్చి లేచిపోతాడు, మళ్ళా వస్తాడు. మనిషిని చంపాల గదా, అందుకే అంత ఓర్పు. పుణ్యానికైతే ఎవడు కూచుంటాడు?

వానలు ఆగినాక ఒక పొద్దున తిరిపాలు సమ్మెట ఎత్తినాడు. వేలు కూడా అదరలా. కింద కూచున్న గంగప్ప అది చూసినాడు. ఉలి వదల్లేదు, తల పక్కకు తియ్యలా. అల్లుడా, ఈ పొద్దుకు కుదిరినట్టుంది, కొట్టు, అన్నాడంట. నీకు తెలుసా మామా? తెలీకేంరా, నువ్వు కొడతానన్న దినమే తెలుసు. ఓబన్న పోయినాక నాకు నిద్ర లేదు, కొట్టు, నీకు పుణ్యముంటాది. అప్పుడొచ్చింది అనుకో కోపం, అగ్గి మాదిరి. తిరిపాలు చూసినాడు. వచ్చింది. ఉంది. ఊపిరి పోతాంది, వస్తాంది. చేతుల దాకా వచ్చిన కోపం, దాన్ని పట్టుకునేవోడు ఎవడూ లేక, సన్నగా పోయింది. దాని అడుగున అన్న మీద దిగులొక్కటే మిగిలింది. సమ్మెట నేరుగా ఉలి నెత్తిన దిగింది, బండ నిలువునా చీలింది. గంగప్ప మాత్రం, ఇదేందిరా, నన్నిట్లా వదిలేసినావు, అని బావురుమన్నాడు. తిరిపాలు పక్కన కూచోని, మామా, ఊపిరి చూడు, అన్నాడు. ఆయన చూళ్ళేకపోయినాడు.

సాయంత్రం వాళ్ళమ్మకు దాచకుండా చెప్పినాడు, అమ్మా, నా చెయ్యి జారలా, ఇంక జారదు, అని. ఆమె, నాకు ఇద్దరు కొడుకులూ పోయినారు, అనేసి తలుపేసింది. నెల తిరక్కముందే గంగప్ప కొండ మీంచి దూకేసినాడు. ఇప్పుడన్నా అమ్మ కొడుకును పిలుస్తాదిలే అన్నారు ఊళ్ళో. పిలవలా. తాను పోయేదాకా పిలవలా. ఆమె పాడె మోసేటప్పుడు ఎవరో, అంత చేసిన అమ్మ, బరువుగా లేదారా, అంటే, బరువుగానే ఉంది, మోస్తాండా, అన్నాడంట.

ఇదీ సంగతి. మరి నువ్వెప్పుడన్నా కూచున్నావా అని అడుగుతారు మీరు. కూచున్నా. మా తమ్ముడి మీద కోపం వస్తాంటే ఇప్పుడు దూరం నుంచే కనపడతాది నాకు. అది పోవడం మాత్రం ఇంతవరకు చూళ్ళేదు, అది నాకింకా రాలా.